"నువ్వు తీసి చూపించు" అంటే ఏం చెప్పాలి?

మీ ప్రశ్నలో నిజానికి నాలుగు ప్రశ్నలున్నాయి. ఏడాదిగా సినిమాల మీద, పాటల మీద రాస్తున్నారు. బాగాలేదంటే "నువ్వు తీసి చూపించు" అంటున్నారు, బాగుందంటే "ఎంత ముట్టిందేంటి" అంటున్నారు. రాగాలు తెలియకుండా పాటల మీద రాయొచ్చా అన్నది ఒక సందేహం, రేటింగ్ ఇవ్వాలా వద్దా అన్నది ఇంకోటి. వీటన్నిటికీ పైన, మీ రూమ్మేట్ ప్రాణం పెట్టుకున్న హీరో సినిమాని మీరు చీల్చి చెండాడితే అతను పది రోజులుగా మాట్లాడటం లేదు. ఆ చివరిదాని సంగతి చివర్లోనే చూద్దాం.

నేను 1987 నుంచి పన్నెండేళ్లు తెనాలిలో క్యాసెట్ల షాపు నడిపాను. తర్వాత కొంతకాలం ఒక సినిమా వారపత్రికకి పాటల మీద రాశాను. అంటే రాయడం కంటే ముందు కౌంటర్ వెనక నిలబడి వినడం నేర్చుకున్నాను. మీకు చెప్పబోయేదాంట్లో సగం అక్కడిదే.

ఆ రోజుల్లో మా షాపుకి తిండి పెట్టింది కొత్త క్యాసెట్లు కాదు, రికార్డింగ్. ఖాళీ క్యాసెట్ ఒకటి, పాటల చీటీ ఒకటి తెచ్చి ఇచ్చేవారు. 60 నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు ఆరో ఏడో పాటలు పడతాయి. ఏడోది సగంలో తెగిందంటే మర్నాడు పొద్దున్నే గొడవ. చీటీ పెట్టి మాట్లాడకుండా వెళ్లేవాళ్లు తక్కువ. ఏ పాట ఎందుకు కావాలో, ఏది ఏ వైపు రావాలో చెప్పి మరీ వెళ్లేవారు.

అందులో ఒకాయన రైస్ మిల్లులో హమాలీ. చదువు లేదు, చీటీ ఉండేది కాదు. పాట పేరు, సినిమా పేరు కూడా గుర్తుండేవి కాదు. "అదేనయ్యా, రెండో చరణం ముందర పిల్లనగోయి ఒక్కటే వస్తది, అది అయిపోయిందనుకునేలోపు డోలు పడుద్ది చూడు, ఆ పాట" అనేవాడు. నోటితో ఆ బిట్ వాయించి చూపించేవాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఆ పాట నాకు దొరికేది. దొరకడమే కాదు, అప్పటిదాకా నేను పట్టించుకోని బిట్ ఆయన చెప్పాక చెవిలో అతుక్కుపోయేది. ఇంకొకాయన కాలేజీ లెక్చరర్. బాగా చదువుకున్నవాడు, పాత పాటలంటే ప్రాణం. "ఇప్పటి పాటలన్నీ రణగొణధ్వనులోయ్" అనేవాడు. ఏ పాటండీ అంటే "అన్నీ" అనేవాడు. ఆయన మాట అబద్ధమని అనలేను, కానీ ఆ మాటతో నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. విని తలూపేవాడిని.

వారపత్రికకి రాయడానికి కూర్చున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చింది హమాలీయే. ఎక్కడ నచ్చిందో వేలు పెట్టి చూపించాడు. మీరు పంపిన రెండు సమీక్షలూ చదివాను. ఏమనుకోకండి, రెండూ లెక్చరర్‌గారి పద్ధతిలో ఉన్నాయి. "నేపథ్య సంగీతం సోసోగా ఉంది", "ఎడిటింగ్ ఇంకాస్త షార్ప్‌గా ఉండాల్సింది", "సెకండాఫ్ లాగ్". ఈ మూడు వాక్యాలు సినిమా చూడకుండా కూడా రాయొచ్చు. చాలామంది అలాగే రాస్తున్నారని నా అనుమానం.

ఇక "నువ్వు తీసి చూపించు" సంగతి. దీనికి అందరూ చెప్పే జవాబు ఒకటుంది, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పడానికి వంట వచ్చి ఉండాలా అని. ఆ జవాబు నాకు అంత నచ్చదు, ఎందుకంటే వంట వచ్చినవాడు ఉప్పుతో పాటు పోపు మాడిన సంగతి కూడా చెప్తాడు. మన తెలుగులోనే తీసి చూపించినంత పని చేసినవాళ్లున్నారు. ముళ్ళపూడి వెంకటరమణగారు సినిమాలకి మాటలు రాయకముందు ఆంధ్రపత్రికలో సినిమాల మీద విమర్శలు రాసినవారే. సినిమాలోనే చూడాలంటే కె.విశ్వనాథ్ తీసిన సాగరసంగమం (1983) ఉంది. అందులో కమల్ హాసన్ తాగుడుకి బానిసైన నాట్య విమర్శకుడు. ఒక అమ్మాయి నాట్యం బాగాలేదని పేపర్లో రాస్తే, ఆమె తరఫువాళ్లు నిలదీస్తారు. అతను పత్రికాఫీసులోనే, పాటలో ఒక్క వాక్యం తీసుకుని, దాన్ని ఒక్కో నాట్య పద్ధతిలో ఎలా పట్టాలో చేసి చూపిస్తాడు.

ఈ సీన్ చూసి "చూశావా, విమర్శించాలంటే చెయ్యడం వచ్చుండాలి" అంటారు కొందరు. నాకు అందులో కనిపించేది వేరు. అతని గెలుపు ఒళ్లు విరిచి ఆడటంలో లేదు. మొత్తం ప్రదర్శనలో ఏ వాక్యం దగ్గర తప్పిందో పట్టుకోవడంలో ఉంది. ఆ వాక్యం పట్టుకోకుండా ఎంత గొప్పగా ఆడినా అది ఇంకో ప్రదర్శన అయ్యేది, ఆ అమ్మాయికి జవాబు అయ్యేది కాదు. మీకు ఆడటం రాకపోవచ్చు, ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకోవడం మాత్రం నేర్చుకోవచ్చు. అది నేర్చుకున్నాక ఎవరైనా "తీసి చూపించు" అంటే వాదించనక్కర్లేదు, "ఇదిగో ఈ సీన్ మళ్లీ చూడండి" అంటే చాలు.

పాట దగ్గర ఇదెలా చెయ్యాలో ఒకటి చూపిస్తాను. అందరికీ తెలిసిన పాటే తీసుకుందాం, మాయాబజార్ (1957)లో "లాహిరి లాహిరి లాహిరిలో". పింగళి నాగేంద్రరావు రచన, ఘంటసాల, పి.లీల పాడారు. దీని మీద ఎవరినైనా రాయమనండి, "అజరామరం", "మధురాతిమధురం", "ఇలాంటి పాటలు ఇక రావు" అని రాస్తారు. ఇవన్నీ లెక్చరర్‌గారి మాటలే, పొగడ్తల రూపంలో వచ్చాయంతే.

ఇప్పుడు హమాలీలాగా చూద్దాం. పడవలో ముందు శశిరేఖాభిమన్యులు ఉంటారు. పెద్దవాళ్లకి తెలియకుండా సాగే ప్రేమ అది. తర్వాత అదే పడవలో రుక్మిణీకృష్ణులు. ఆ తర్వాత బలరాముడు, రేవతి. అంటే ఎవరి కంట పడకూడదని పిల్లలు జాగ్రత్త పడ్డారో, ఆ పెద్దవాళ్లే అదే వెన్నెలకి లొంగిపోతున్నారు. జంటలు మారుతున్నా గొంతులు మారవు, అవే ఘంటసాల, లీల. నాగేశ్వరరావు, సావిత్రి అయినా, రామారావు, సంధ్య అయినా అదే బాణీ. ఈ పాట ప్రేమగీతంలా మొదలై, మెల్లగా పెద్దవాళ్ల మీద ఒక చిలిపి జోక్‌గా మారిపోతుంది. ఆ జోక్‌ని ఒక్క మాటలో కూడా చెప్పరు, పడవ ఎవరెక్కారో చూపించి ఊరుకుంటారు. దానికి తోడు ఆ వెన్నెల నిజం వెన్నెల కూడా కాదు, కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే కల్పించినది. నిజమైన చంద్రుడు పైన ఉండి ఉంటే తెర మీద అంత బాగా వచ్చేవాడు కాడేమో.

చూశారా, ఇందులో ఒక్క పొగడ్త మాట కూడా వాడకుండానే ఈ పాట నాకెంత ఇష్టమో మీకు తెలిసిపోయింది. ఇది చదివినవాడు మళ్లీ వెళ్లి పాట చూస్తాడు, మూడో జంట ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తాడు. అలా ఒక్కడు వెళ్లి చూసినా మీరు రాసింది పనికొచ్చినట్టే.

రాగాలు తెలియాలా అన్నారు. తెలిస్తే మంచిదే, తెలియకపోయినా పాపం లేదు, తెలియకుండా తెలిసినట్టు రాస్తే మాత్రం పాపమే. పై పాట మోహన రాగం అని ఎక్కడో చదివి రాసేస్తే చదివేవాడికి ఒరిగేదేమీ లేదు. మోహన అంటే ఏంటో చెవికి తెలియాలి. ఇంట్లో హార్మోనియమో కీబోర్డో ఉంటే ఒక పని చెయ్యండి. నల్లమెట్లు మూడు పక్కపక్కనే ఉన్న గుంపులో మొదటిదాన్ని షడ్జం, అంటే "స" అనుకుని, తెల్లమెట్లు ముట్టుకోకుండా నల్లవే వరసగా నొక్కుకుంటూ పైకి వెళ్లండి. స రి గ ప ద, ఐదే స్వరాలు. అదే మోహన. పది నిమిషాలు అలా వాయించి, తర్వాత పాట వినండి. మధ్యమం (మ), నిషాదం (ని) లేకపోవడం వల్ల ఆ బాణీలో ఎక్కడా ముడి పడకుండా నీళ్ల మీద జారినట్టు ఎందుకుందో మీకే తడుతుంది. అప్పుడు "మోహన" అని రాసినా రాయకపోయినా ఒకటే, మీరు విన్నది మీ వాక్యంలోకి వస్తుంది. ఇలా ఏడాదికి మూడు నాలుగు రాగాలు నేర్చుకుంటే చాలు. తొందరేం లేదు.

శాస్త్రీయ సంగీతంతో పనిలేని పాటకి కూడా ఇదే పద్ధతి. "నాటు నాటు" సంగతి తీసుకోండి. 2023లో ఆస్కార్ వచ్చింది కాబట్టి గొప్ప పాట అన్నవాళ్లు, దీనికా ఆస్కార్ అని పెదవి విరిచినవాళ్లు, ఇద్దరూ పాట గురించి ఏమీ చెప్పలేదు. నన్నడిగితే, ముందు ఆ నడక వినండి. కీరవాణి దాన్ని 6/8లో, అంటే ఆరేసి దెబ్బల లెక్కలో నడిపించారు. మన జాతర డప్పుల్లో, తీన్‌మార్‌లో కాళ్లు ఊరికే ఉండనివ్వని ఊపు ఉంటుందే, దానికి దగ్గర బంధువు. చంద్రబోస్ మాటల్లో పోలికలు చూడండి, పొలం గట్టు దుమ్ము, జాతరలో పోతరాజు, కిర్రుచెప్పులు, జొన్నరొట్టెలో మిరపతొక్కు. అన్నీ ఊరివే. ఇవన్నీ పాడుతూ ఇద్దరు కుర్రాళ్లు తెల్లదొరల విందులో, వెనక ఒక రాజభవనం ముందు ఎగురుతారు. ఆ భవనం ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మారిన్‌స్కీ ప్యాలెస్, 2021లో అక్కడ తీశారు. మాటలొక చోటివి, గోడలొక చోటివి. ఆ గొడవే పాటకి బలం. ఇదే పాటని ఏ పల్లెటూరి సెట్లోనో తీసి ఉంటే నాకైతే సగం కిక్కు పోయేది. మీకలా అనిపించకపోవచ్చు, అప్పుడు నాతో వాదించడానికి మీకొక పట్టు దొరికింది కదా.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. షాపు రోజుల్లో ఒక పెద్ద సంగీత దర్శకుడి క్యాసెట్ వచ్చింది. మధ్యాహ్నం వచ్చిందాన్ని రాత్రి ఇంటికి తీసుకెళ్లి విన్నాను. మర్నాటి నుంచి వచ్చినవాళ్లందరికీ "ఈసారి నీరసంగా కొట్టాడండీ, గాయకుడి గొంతులో కూడా జీవం లేదు" అని చెప్పాను. ఒక ఇరవై మందికైనా కొనొద్దని చెప్పి ఉంటాను. వారం తర్వాత హోటల్లో అదే పాట విన్నాను. నేను విన్న పాట కాదది. చురుగ్గా ఉంది, గొంతు ఖంగుమంటోంది. ఇంటికొచ్చి చూస్తే నా టేప్ రికార్డర్ బెల్టు సాగిపోయింది. క్యాసెట్ నెమ్మదిగా తిరిగి, పాట మొత్తం కిందికి దిగిపోయింది. తప్పు బెల్టుది, నేనేమో తిట్టింది సంగీత దర్శకుణ్ణి.

ఇప్పుడు బెల్టులు లేవు కానీ ఫోన్ స్పీకర్లున్నాయి. ఫోన్‌లో పాట వింటే కింది స్వరాలు, బేస్ గిటారు, డప్పు మోత దాదాపు వినపడవు. "బీట్ తేలిపోయింది" అని రాసేముందు ఒకసారి మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఏ సామాను మీద విన్నారో మీకు మీరే గుర్తు పెట్టుకోండి. నా లెక్క ప్రకారం ఒక్కసారి విని ఏ పాట మీదా రాయకూడదు. మొదటిసారి మాటలు పట్టుకుంటాం, రెండోసారి బాణీ, వాయిద్యాల బిట్లు చెవిన పడేది మూడోసారికి.

ఇంకో సంగతి, పాట మీద రెండుసార్లు అభిప్రాయం చెప్పే హక్కు మీకుంది. అప్పట్లో సినిమాకి ముందే క్యాసెట్ వచ్చేది, ఇప్పుడు ఒక్కో పాటా లిరికల్ వీడియోగా వస్తోంది. అప్పుడు మీరు వినేది పాటని మాత్రమే. సినిమాలో అది ఎక్కడ పడుతుందో తెలియదు. విడిగా వింటే బ్రహ్మాండంగా ఉన్న పాట, హీరో తండ్రి చనిపోయిన సీన్ తర్వాత రెండు నిమిషాలకే వచ్చి చికాకు పెట్టొచ్చు. మామూలు పాట సరైన చోట పడి కంటతడి పెట్టించొచ్చు. "ముందు ఇలా రాశాను, సినిమాలో చూశాక మారింది" అని రాయడానికి మొహమాటపడకండి. మాట మార్చాడని ఎవరైనా అంటే అననివ్వండి.

సినిమా దగ్గర "లాగ్" అన్న మాట గురించి. ఆ మాట రాయబోయినప్పుడల్లా ఆగి, ఎందుకు విసుగొచ్చిందో వెతకండి. నాకు ఎక్కువసార్లు దొరికిన కారణం ఇది: మనకి తెలిసిపోయిన విషయం తెర మీద హీరోకి ఇంకా తెలియకపోవడం. స్నేహితుడే మోసగాడని ఇంటర్వెల్‌కే మనకి అర్థమైంది, హీరో మాత్రం ఇంకో నలభై నిమిషాలు వాడి భుజం మీద చెయ్యేసుకుని తిరుగుతాడు. ఆ నలభై నిమిషాల్లో ఎన్ని ఫైట్లు పెట్టినా అది లాగే. అదే హీరోకి ఏదో తెలిసి మనకి తెలియకపోతే, అతను పది నిమిషాలు ఊరికే టీ తాగినా కళ్లు ఆర్పం. ఇలా కారణం దొరికితే "లాగ్" అన్న మాట అవసరమే ఉండదు. కారణం చెప్తూ ముగింపు మాత్రం బయటపెట్టకండి. ఇంటర్వెల్ దాకా కథ చెప్పొచ్చని కొందరంటారు. నేనైతే ట్రైలర్‌లో చూపించినంత వరకే చెప్తాను.

రేటింగ్ మీద నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. ఐదుకి 2.75 అనే అంకె మన తెలుగు సమీక్షల్లో స్థిరపడిపోయింది. రెండున్నర వేస్తే సినిమావాళ్లు మొహం మాడ్చుకుంటారు, మూడు వేస్తే ప్రేక్షకులు తిడతారు, అందుకని మధ్యలో పుట్టి ఉంటుంది. ఆ పావు దేనికి వేశారో వేసినవాడికి కూడా తెలియదు. అంకె వేశారంటే జనం అదే చూస్తారు, మీరు రాత్రి రెండింటిదాకా కూర్చుని రాసింది చదవరు. నేను వెయ్యను.

"ఎంత ముట్టింది" అన్నవాడికి కోపంతో జవాబివ్వకండి. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు, డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఉన్నారు కాబట్టే పుట్టింది. మీ వైపు నుంచి చెయ్యాల్సింది ఒకటే. ఉచిత టికెట్ వచ్చినా, ప్రత్యేక ప్రదర్శనకి పిలిచినా ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పెయ్యండి. డబ్బో, వస్తువో, మరే లాభమో తీసుకుని ప్రచారం చేస్తే దాన్ని స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. సొంత డబ్బుతో చూస్తే అదీ చెప్పండి. ఏ ఊళ్లో, ఏ ఆటకి వెళ్లారో రాస్తే ఇంకా మంచిది. బెనిఫిట్ షోలో విజిల్స్ మధ్య చూసిన సినిమా, సోమవారం మ్యాట్నీలో పాతికమందితో చూసిన సినిమా ఒకటి కాదు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. విమర్శ కోసం, సమీక్ష కోసం పాటలోంచో సినిమాలోంచో తగుమాత్రంగా వాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది. తగుమాత్రం అంటే మీ మాటకి ఆధారంగా చూపించేంత, పాట మొత్తం పెట్టి కింద "సూపర్" అని రాయడం కాదు. థియేటర్లో ఫోన్ ఎత్తి తియ్యడం మాత్రం పూర్తిగా వేరే సంగతి. టైటిల్ కార్డు పడగానే అందరూ తీస్తున్నారు కదా అనుకోకండి. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం థియేటర్లో సినిమాని రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా.

తిట్ల విషయం. మీ రాతని తిట్టినవాడిని వదిలెయ్యండి, మీ ఇంట్లోవాళ్లని తిట్టినవాడిని బ్లాక్ చెయ్యండి, దీనికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. కానీ మీ వైపు కూడా ఒకసారి చూసుకోండి. మీ రెండో సమీక్షలో హీరోయిన్ లావైందని ఒక వాక్యం ఉంది. ఆ సినిమాలో ఆమె పాత్రకి, నటనకి దానితో ఏం సంబంధం? ఆ ఒక్క వాక్యం మిగతా పదిహేను వాక్యాల పరువు తీసింది. హీరో కులం, వాళ్ల తాత ఆస్తి కూడా అంతే. మన దగ్గర సినిమా మాట ఎక్కడ మొదలైనా చివరికి అక్కడికే లాక్కెళ్లేవాళ్లు ఉంటారు, ఆ దారిలో మీరు అడుగు కూడా వెయ్యకండి.

ఇప్పుడు మీ రూమ్మేట్. మీరు రాసింది అతను చదివిన తీరు వేరు. తను మొదటి రోజు మొదటి ఆటకి తెల్లవారుజామున నాలుగింటికి లేచి వెళ్లాడు, ఫ్లెక్సీకి చందా ఇచ్చాడు. మీరు "చెత్త" అన్నది సినిమాని, అతనికి తగిలింది ఆ తెల్లవారుజాము. సారీ చెప్పమనను, మీ అభిప్రాయం మీదే. రెండు గంటల నలభై నిమిషాల సినిమాలో మీకు నచ్చిన సీన్ ఒక్కటైనా ఉండి ఉంటుంది. కమెడియన్ మాట కావొచ్చు, వర్షంలో ఒక షాట్ కావొచ్చు. అదెక్కడో, ఎందుకో, హమాలీ చెప్పినట్టు అతనికి చెప్పండి. ఒక్కటి కూడా గుర్తు రావట్లేదా? అయితే మీరు సరిగ్గా చూడలేదన్నమాట. అతన్ని తోడు తీసుకుని సెకండ్ షోకి వెళ్లండి, ఈసారి టికెట్ మీరే కొనండి.